ఎనభై కప్పుల నవ్వు

"రెండు రోజులు టీ చుక్క నోట్లో పడకూడదు," అన్నాడు పళ్ళ డాక్టరు, చేతి తొడుగులు తీస్తూ.

కుర్చీలో పడుకున్నవాడు దిగ్గున లేచి కూర్చున్నాడు. "నా ఉద్యోగమే అదండీ!"

"టీ తాగడమా?"

"రుచి చూడటం. టీ కంపెనీలో టేస్టర్ని. రోజుకి నలభై కప్పులు. పుక్కిలించి ఉమ్మేస్తాను."

"ఈ ముక్క పళ్ళు తెలుపు చేయించుకునే ముందు చెప్పాలి."

"మీరు అడగాలి."

డాక్టరు జవాబుగా అద్దం చేతికిచ్చాడు. టేస్టరు చూసుకున్నాడు, కోపం మరిచిపోయాడు. మూడో రోజు పొద్దున కంపెనీలో ఫోటో తీస్తారు. కొత్త ప్యాకెట్టు మీద వేసేది ఈ మొహమే.

"ఇప్పుడు మీ పంటి పైపొర ఆరని సున్నం గోడ," అన్నాడు డాక్టరు. "ఏ రంగు తగిలితే ఆ రంగు పీల్చేస్తుంది. ఈ పేస్టు రెండు పూటలా రాసి అరగంట నోరు కడగొద్దు, పొర గట్టిపడుతుంది. పాలు, పెరుగు, అన్నం, అంతే. మరకపడితే వెంటనే మళ్ళీ రాకండి, చెయ్యను. అరిగిన పొర మళ్ళీ మొలవదు."

ఇంట్లో టేస్టరు నవ్వగానే భార్య స్విచ్చు దగ్గరికి నడిచింది. "అలాగే ఉండండి, లైటు ఆర్పేస్తాను. కరెంటు కలిసొస్తుంది."

మర్నాడు టేస్టింగు గదిలో బల్ల మీద నలభై తెల్ల కప్పులు వరసగా పొగలు కక్కుతున్నాయి. కొనుగోళ్ళ రోజులు. సెలవు పెడితే ప్యాకెట్టు మీదికి ఇంకో మొహం వస్తుంది. టేస్టరు తలుపు గడియ పెట్టి, కప్పులు కడిగే ఆవిడ చేతికి చెంచా ఇచ్చాడు.

"తాగి చెప్పు."

"నేనా? నాకేం తెలుసు సార్?"

"నేను వెళ్ళాక మిగిలింది తాగేది ఎవరు, పిల్లి కాదుగా? కానియ్యి. చప్పుడు చేస్తూ జుర్రు, బయటికి వినపడాలి."

ఆవిడ జుర్రింది. వరండాలో పోయే గుమాస్తా ఉలిక్కిపడ్డాడు.

"ఇది బాగుంది. ఇది ఉడికిన గడ్డి. ఇదేమో..." ఏడో కప్పు దగ్గర ఆవిడ మొహం చిట్లించింది. "తడిసిన గోనెసంచి సార్. వద్దు, కొనకండి."

టేస్టరు రిజిస్టరులో 'గోనె వాసన, వద్దు' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఒక కప్పు ఎత్తి వెలుతురులో చూశాడు. "అడుగున ఈ మరకేంటి? ఎన్నిసార్లు చెప్పాలి? కప్పుకే కాదు, నీ పళ్ళకీ ఇదే మరక. అద్దంలో ఎప్పుడైనా చూసుకున్నావా?"

"తీరికేదీ సార్," అని ఆవిడ ఎనిమిదో కప్పు జుర్రింది.

రెండో రోజూ అదే వరస. టేస్టరు గది మూలన కూర్చుని స్ట్రాతో పాలు తాగాడు.

మూడో రోజు పొద్దున ఫోటోగ్రాఫరు ఆయన్ని బల్ల వెనక నిలబెట్టాడు. "సార్, కాస్త తగ్గించి నవ్వండి. లైటు నా మీదికే తిరిగొస్తోంది."

రిజిస్టరు చంకన పెట్టుకుని కంపెనీ యజమాని వచ్చాడు. పెద్దాయన. ఒకప్పుడు ఈ బల్ల దగ్గరే టేస్టరుగా పనిచేసి యజమాని అయినవాడు.

"శభాషయ్యా! రెండు రోజుల్లో ఎనభై కప్పులు, ఒక్కటీ తప్పలేదు. ఆ ఏడో రకం గోనె వాసన మొదటి గుక్కలో నాకూ దొరకలేదు. అమ్మినవాడు ఒప్పుకున్నాడు, సరుకు వానకి తడిసిందట. ఇన్నేళ్ళలో నువ్వు ఇంత బాగా రాయడం చూడలేదు."

"అంతా మీ శిక్షణ సార్," అని టేస్టరు నోరారా నవ్వాడు.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వచ్చాడు. "ఏదీ, మళ్ళీ నవ్వు."

టేస్టరు ఇంకా వెడల్పుగా నవ్వాడు. ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒక్క చుక్క మరక లేదు.

"నిన్న, మొన్న ఎనభై కప్పులు ఈ పళ్ళ మీంచే పోయాయా?"

నవ్వు అలాగే ఉండిపోయింది.

పెద్దాయన వెనక్కి, కప్పులు కడిగే ఆవిడ వైపు తిరిగాడు. "తలుపేసుకుంటే ఈ గదిలో ఉండేది ఇద్దరే. అమ్మా, నువ్వోసారి నవ్వు."

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. పెద్దాయన మళ్ళీ అడిగితే చెయ్యి తీసింది. పెద్దాయన ఆ పళ్ళు చూసి, చంకలోని రిజిస్టరు తీసి ఆవిడ ముందు పెట్టి, కెమెరా ఇటు తిప్పమన్నాడు.

"మరి నేను సార్?" అన్నాడు టేస్టరు.

"మరక అంటనివ్వకుండా చూసుకోవడం నీకు బాగా వచ్చయ్యా. రేపట్నుంచి కప్పులు నువ్వు కడుగు."