రెండో పాట

"సినిమానా అది? తలనొప్పి!" అన్నాడు టైలరు, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుంటూ.

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు సెలూన్‌లో ఉన్నవాళ్లందరూ అందుకున్నారు. ట్యూషన్ మాస్టారు పేపరు పక్కన పడేసి, దీనికన్నా మొన్న తాను చూసిన దెయ్యం సినిమా వెయ్యి రెట్లు నయమని తేల్చేశారు.

"అందులో దెయ్యమైనా కాస్త నటించిందయ్యా. ఇందులో హీరోకి ఆ మాత్రం కూడా చేతకాలేదు."

"పోయినేడు మన మార్కెట్ బస్టాపు దగ్గర బస్సులు ఆపేసి, జనాన్ని ఎండలో నిలబెట్టి తీసింది ఈ చెత్తా అని!" అన్నాడు టైలరు.

"చెత్త కాదు," అన్నాడు సెలూన్ యజమాని. చేతిలో కత్తెర ఉత్త గాలినే టకటకా కత్తిరిస్తోంది. "పాటలు బాగున్నాయి. మీరు సరిగ్గా చూసుండరు. ఇంకోసారి వెళ్లండి. టికెట్ ముక్క తెచ్చి చూపించినవాళ్లకి గడ్డం ఉచితం."

"పాటలకి లేచెళ్లి టీ తాగొచ్చాం. ఇంకోసారి వెళ్లాలంటే గడ్డం ఒక్కటీ చాలదు, గుండు కూడా ఉచితంగా చెయ్యాలి," అన్నారు మాస్టారు.

అందరూ పగలబడి నవ్వారు. స్టూలెక్కి స్విచ్‌బోర్డు విప్పుతున్న ఎలక్ట్రీషియన్ మాత్రం నవ్వలేదు. సెలూన్ యజమాని అతనికి స్వయానా బావ. ఒక్కగానొక్క అక్క మొగుడు. అమ్మ లేని ఇంట్లో తనకి అన్నం కలిపి పెట్టి పెంచిన అక్క, ఎనిమిది నెలల కిందట జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదు.

అక్క పోయాక బావ మాట్లాడటమే మానేశాడు. దుకాణం తీస్తే తీసినట్టు, లేకపోతే లేనట్టు. మనిషి ఏమైపోతాడోనని భయపడ్డారు. అలాంటివాడు ఈ సినిమా విడుదలైన దగ్గర్నుంచి ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. రోజూ మ్యాట్నీ. బేరం ఉన్నా సరే, షట్టరు దించేసి పరుగు.

"మీ బావకి ఆ హీరోయిన్ పిచ్చి పట్టిందయ్యా," అని ఈ టైలరే నిన్న చెవిలో ఊదాడు. "ఏడాదన్నా తిరగలేదు, పాపం మీ అక్క."

ఆ మాట రాత్రంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం స్విచ్‌బోర్డు వంక పెట్టుకుని వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది? అద్దం పక్కన గోడ మీద ఆ సినిమా పోస్టరు, నిలువెత్తు హీరోయిన్. అక్క ఫొటో పెద్దది చేయించి సరిగ్గా ఆ చోటే పెట్టమని తను ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. "మంచిది ఒక్కటీ లేదురా, అన్నిట్లో మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది," అనేవాడు బావ. నిజమే, ఫొటో అంటే అక్క ఆమడ దూరం పరిగెత్తేది. కానీ ఇప్పుడు అది వట్టి సాకులా వినిపిస్తోంది.

"సరే అన్నా, అంత బాగుందంటున్నావుగా," టైలరు వదలలేదు. "క్లైమాక్స్‌లో హీరో ఎలా చేశాడు?"

"బాగా చేశాడుగా. ఫైటింగ్ అదిరిపోయింది."

"ఫైటింగేంటి? ఇంటర్వెల్‌కి ముందే చచ్చిపోతేనూ!"

సెలూన్ గొల్లుమంది. బావ మొహం కందగడ్డయింది. రోజూ వెళ్తూ కథ కూడా తెలియదంటే, కళ్లు ఎవరి మీద ఉన్నట్టు? స్టూలు మీద బావమరిదికి ఒళ్లు మండిపోయింది.

అంతలో ఫోను మోగింది. హాలు మేనేజరు.

"రేపట్నుంచి తీసేస్తారా?" బావ కత్తెర బల్ల మీద పడేశాడు. "ఇంకొక్క వారం ఉంచండి సార్. జనాన్ని నేను పంపిస్తాగా... సార్... సార్?"

ఫోను పెట్టేసి గడియారం చూశాడు. మళ్లీ కత్తెర అందుకున్నాడు. ఆ కంగారులో టైలరు ఎడమ చెంప జుట్టు పైదాకా లేచిపోయింది.

"అన్నా! ఒక పక్కే తెగ్గోశావేంటి?"

"కూర్చో. రెండోది వచ్చి చేస్తా," అంటూ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వీధిలోకి ఉరికాడు బావ.

బావమరిది స్టూలు దిగాడు. స్క్రూడ్రైవర్ జేబులో దోపుకుని వెనకే వెళ్లాడు. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. హాల్లోంచి కాలరు పట్టుకుని లాక్కొచ్చి, అక్కని అప్పుడే మర్చిపోయావా అని నలుగురిలో అడిగేస్తాడు.

హాల్లో పట్టుమని పదిమంది లేరు. బావ ముందు వరసలో, ఓ మూల కూర్చున్నాడు. బావమరిది సరిగ్గా వెనక సీట్లో చేరి, పిడికిళ్లు బిగించి కాచుకున్నాడు.

హీరోయిన్ వచ్చింది. ఎవరో ఈల వేశారు. బావ గోళ్లు చూసుకుంటున్నాడు.

మొదటి పాట వచ్చింది. బావ ఆవలించాడు.

బావమరిదికి ఏమీ అంతుపట్టలేదు. కాలరు మీదికి వెళ్లాల్సిన చెయ్యి సీటు మీదే ఆగిపోయింది.

రెండో పాట మొదలైంది. బావ చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో గబగబా తుడిచి పెట్టుకున్నాడు. వర్షంలో హీరోయిన్ ఎడమ పక్క గంతులేస్తోంది. బావ తల మాత్రం కుడివైపు తిరిగి ఉంది. బావమరిది కూడా అటే చూశాడు.

అక్కడ మార్కెట్ బస్టాపు రేకు కింద, బస్సు కోసం నిలబడ్డ జనంలో, పచ్చ గొడుగు ముడుస్తూ ఒక్క క్షణం ఇటు తిరిగి, మొహానికి ఏ చెయ్యీ అడ్డం పెట్టుకోకుండా నిండుగా నవ్వింది అక్క.