ఎర్ర జాకెట్ వెనకాల

"నా ఎర్ర జాకెట్ మీంచి కన్ను తీశారో, మిమ్మల్ని లోయలో ఏరుకోవాల్సొస్తుంది! నేనెక్కడ తిరిగితే మీరూ అక్కడే తిరగండి!" స్కీ మాస్టారు లూయిస్ గొంతు చించుకున్నాడు.

అరిచిన మొహం కూడా సరిగ్గా కనిపించడం లేదు. పొగమంచు అంత చిక్కగా దిగింది. మా కొండ ఊరికి వచ్చినవాళ్లకి చెప్పే వారం రోజుల పాఠాల్లో ఇది అయిదో రోజు. ఆరుగురు శిష్యుల వరసలో హెర్మీనే అనే ఆవిడ ఆఖరిది. వియన్నాలో ఇరవై ఏళ్లుగా ట్రామ్ నడుపుతున్న మనిషి. అలాంటి మనిషి ఇప్పుడు ఒక్క అడుగు ముందుకు వెయ్యనంటోంది.

"తీగ మీద నడిచే లిఫ్టులో కిందికి పోదాం లూయిస్. నా మాట విను."

"గాలికి లిఫ్టు ఆపేశారు. అయినా మనం దిగేది నీలం దారి. చంటిపిల్లలు దిగుతారు దాన్ని!"

"నాకేం కనిపించడం లేదయ్యా బాబూ!"

"ఇది ట్రామ్ కాదు హెర్మీనే, పట్టాలుండవు. పట్టాలు నేనే. పద!"

అందరూ నవ్వారు. హెర్మీనేకి ఒళ్లు మండింది.

వంద గజాలు పోయారో లేదో, ఆమె కుడికాలి స్కీ పలక ఊడిపోయింది. "ఆగండి!" అని అరిచింది. గాలి హోరులో ఆ కేక ఎవరికీ వినపడలేదు. బూటు కింద గడ్డకట్టిన మంచు గీకి, నాలుగుసార్లు తొక్కి, ఎలాగో స్కీ బిగించుకుని తలెత్తింది.

ఎవరూ లేరు. అంతా తెలుపే. ఏది పైనో ఏది కిందో కూడా తెలియడం లేదు.

"లూయిస్!"

ఈ కొండకి ఎడమ పక్కన ఏముందో ఆమె నిన్న ఎండలో చూసింది. కంచె లేదు. తొంగి చూస్తే కింద దేవదారు చెట్లు అగ్గిపుల్లల్లా కనిపించాయి. అది గుర్తొచ్చింది. భయంతో అడుగులో అడుగేస్తూ జారింది.

అప్పుడు కనిపించింది, పదిహేను అడుగుల కింద, ఎర్ర జాకెట్. ఆమె కోసమే ఆగినట్టు కదలకుండా నిలబడి ఉంది.

ప్రాణం లేచొచ్చింది.

"నేను వెనకే ఉన్నా! ఆగకు, పోనీ! ఆగితే కాళ్లు బిగుసుకుపోతాయి!"

జాకెట్ ఒక్క కుదుపుతో కదిలింది. హెర్మీనే దాని మీద నుంచి చూపు తిప్పలేదు. అది కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి తిరిగింది. స్కీల ముందు కొసలు దగ్గర పెట్టి, మడమలు విడదీసి, మొదటి రోజు నేర్పినట్టు నిదానంగా దిగుతోంది ఆ జాకెట్. తన కోసమే ఇంత నెమ్మది అనుకుని ఆమె కాస్త మెత్తబడింది.

ఆ మెత్తదనం ఎంతోసేపు లేదు. పక్కన గుర్తు కర్ర ఒకటి కనిపించింది. దాని మీద బిళ్ల నీలంగా లేదు. నల్లగా ఉంది.

నల్లదారి! మా ఊరి కుర్రాళ్లు కూడా దణ్ణం పెట్టుకుని దిగే దారి అది. వెనక్కి ఎక్కుదామంటే కాళ్ల కింద గాజులాంటి గట్టి మంచు. దిగడం తప్ప గత్యంతరం లేదు. 'కిందికి చేరనీ, నీ పని చెప్తా' అని పళ్లు నూరింది.

ఇంతలో జాకెట్ ఎడమకి జారడం మొదలుపెట్టింది. తిరగాల్సిన చోట తిరగలేదు. ఇంకా ఎడమకే పోతోంది.

"ఎటు పోతున్నావ్? అటు లోయ! కుడికి! కుడికి తిరుగు!"

జాకెట్ తూలి, ఆఖరి క్షణంలో కుడికి తిరిగి, చతికిలపడింది.

"కూర్చున్నావేం? లే! ఇక్కడ కూర్చుంటే ఇద్దరం చస్తాం!"

జాకెట్ లేవలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే కిందికి జారింది. ఇంత నిటారు చోట ఇలాగే దిగాలి కాబోలు అనుకుంది హెర్మీనే. ఆమె కూడా చతికిలపడి జారింది. మెడలోంచి వీపులోకి మంచు దూరింది. కళ్లు మూసుకుంది. తనకి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

ఎంతసేపో తెలియదు. కళ్లు తెరిచేసరికి నేల చదునుగా ఉంది. పొగమంచు పలచబడి, కాఫీ హోటలు కప్పు కనిపిస్తోంది. బతికింది! ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. గబగబా వెళ్లి ఎర్ర జాకెట్ భుజం పట్టుకుని లాగింది.

"బుద్ధుందా నీకు? నీలం దారని చెప్పి..."

ఆ మనిషి ఇటు తిరిగాడు. లూయిస్ కాదు. అరవై ఏళ్ల పెద్దాయన, మీసాల నిండా మంచు. జాకెట్ రొమ్ము మీద స్కీ స్కూలు ముద్ర ఉండాల్సిన చోట కుట్లు ఊడదీసిన చారలున్నాయి.

మా ఊళ్లో స్కూలువాళ్లు మూడేళ్లకోసారి జాకెట్లు మారుస్తారు. పాతవి వేసుకుని సగం ఊరు పశువుల కొట్టాలు కడుగుతుంది. చలికోటు తెచ్చుకోకుండా వచ్చిన అతిథులకి ఇంటివాళ్లు ఇచ్చేవీ అవే. మేం మాస్టార్లని కాళ్ల కదలిక చూసి పోల్చుకుంటాం. వచ్చినవాళ్లు రంగు చూసి పోల్చుకుంటారు.

పెద్దాయన ఆమె రెండు చేతులూ పట్టేసుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"మా గుంపు తప్పిపోయి, ఏం చెయ్యాలో తెలీక అక్కడే నిలబడిపోయాను. వెనక నుంచి మీరు దారి చెప్పకపోతే ఈపాటికి లోయలో ఉండేవాణ్ణి, టీచర్!"