శాంపిల్ ఇటుకలు

కృష్ణయ్య సుత్తె దెబ్బకు రెండో ఇటుక పగిలింది. ఇటుక పెళ్ళ ఎగిరి తమ్ముడు క్రాంతి నుదురు చీల్చింది.

క్రాంతితో పెళ్ళయి ఇరవై రోజులైన శిల్ప, కొత్తింటి ముందుగోడకు అతికించడానికి ఐదు రంగుల ఈ శాంపిల్ ఇటుకలు ఎంచుకుని, ఆత్మకూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని మురిసిపోతూ తెచ్చుకుంది.

"బట్టీలల్ల ఇటుకలు కోసి నిన్ను సదివిస్తి," అంటూ కృష్ణయ్య మూడోదాన్నీ పగలగొట్టాడు. "నీ ఇంటికి ఇటుక ఏరేటప్పుడు నేను యాదికి రాలేదారా?"

"గివి షోరూం ఇటుకలు. బట్టీలోనివి కావు, నీకేం తెలుస్తదే!"

క్రాంతి సగం ఇటుక విసిరాడు. అన్న చెవి తెగి రక్తం మెడమీదికి కారింది. కృష్ణయ్య తుడుచుకోలేదు. విరిగిన ముక్కను కళ్ళ దగ్గర పెట్టుకుని, గోరుతో గీకి, అవతల పారేశాడు. నాలుగోదాన్ని పగలగొట్టి మళ్ళీ అట్లాగే చూశాడు.

క్రాంతి ఇంకో పెళ్ళ ఎత్తి అన్న మీదికి ఉరికాడు. శిల్ప అడ్డంపడి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగు క్రాంతీ! వట్టి కోపమే అయితే పగలగొట్టి పోతుండె. బావ ఒక్కొక్కదాని లోపల సూస్తుండు."

క్రాంతి కిందికి చూశాడు. ముక్కలన్నిటికీ పైన గోరుమందం రంగు, లోపల కాల్చిన మట్టి కాదు, అంతా పొడి రాలే బూడిదరంగు సిమెంటు.

శిల్ప కొంగుచాటున దాచిన ఐదోదాన్ని బయటికి తీసింది. అది కాఫీ రంగుది, ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది. రెండు చేతులతో కృష్ణయ్య ముందు పెట్టింది.

"గిది గూడ పగలగొట్టి సూడుండ్రి, బావా."