ఇయ్యాల గూడ కాల్చిన

"ఇయ్యాల గూడ కాల్చినవా?"

"అవ్. ఒక్కటే." ఫోన్లో జగదీష్ దగ్గాడు.

"ఒట్టేసినవ్ గద నిన్న?"

"ఏసిన. నువ్వు తిట్టు, పడత."

భద్రాచలంలో తను పనిచేసే బట్టల కొట్టు మెట్ల మీద కూర్చుని సోని తనివితీరా తిట్టింది. వాళ్లిద్దరినీ కలిపింది, సిగరెట్ మానాలనుకునే కుర్రకారును ఇద్దరిద్దరిగా జతచేసే ఒక ఫోన్ ఆప్. ఒకరికి నాలుక పీకితే రెండోవాళ్లు మాటల్లో పెట్టాలి. ఇద్దరూ మానేశారా, జత విడదీసి కొత్తగా చేరినవాళ్లకు తోడుగా పంపేస్తారు. తండాలో నానమ్మ బాలికి చుట్ట వెలిగించి ఇస్తూ, మొదటి దమ్ము తనే లాగి అలవాటుపడిన సోని, దసరాకే మానేసింది. జగదీష్‌ది మాత్రం సంక్రాంతి దాటినా కుక్క తోక వంకరే.

అతన్ని ఎన్నడూ చూడలేదు. అయినా చీరలు మడతపెడుతుంటే చెవిలో ఆ గొంతే. పొద్దు ఎప్పుడు గూకుతుందా అని ఒకటే ఆరాటం. మానితే అతను దూరమవుతాడు, మానకపోతే ఆ దగ్గు అతన్ని తినేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది సోని బతుకు.

ఆదివారం తండాకు పోయి నానమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"నీ మాట ఆ పిలగాని చెవికెక్కుతలేదు బిడ్డా" అంది బాలి. "ఎక్కేటోళ్లకు అప్పజెప్పు."

"నేనుండలేనే నానమ్మా."

"వాడు బతకాల్నా, నీతోని మాట్లాడాల్నా?"

సోని కళ్లు తుడుచుకుంది. అతను బతికితే చాలు. తన బదులు ఇంకొకరిని జతచేయమని ఆప్ వాళ్లను అడుగుతుంది. అంతకుముందు ఒక్కసారి, ఒక్కసారే, ఆ మొహం చూడాలి.

మర్నాడు ఖమ్మం బస్సెక్కింది. మిర్చి యార్డులో అడుగుపెట్టగానే ఘాటుకు తనకూ దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. జగదీష్ గుమాస్తాగా చేసే కొట్టు ముందు అతని దోస్తు రవికుమార్ కూర్చుని ఉన్నాడు.

"వాడు కాంటా కాడికి పోయిండు. నువ్వెవరు చెల్లె?"

"నేను సోనిని, అన్నా."

రవికుమార్ గబుక్కున లేచి కుర్చీ జరిపాడు. "నువ్వేనా? రోజూ నీ ముచ్చటనే. కూసో, పిలుస్త."

"వద్దన్నా. ఆయన ముంగట చెప్పలేను. నాతోని ఆయన సిగరెట్ మానుడు అయితలేదు. ఇంకొకరిని జత చూసుకొమ్మను."

రవికుమార్ తెల్లబోయాడు.

"వాడు దీపావళికే మానేసిండు గద చెల్లె."