గొప్పల బావ బిగింపు

“మెకానిక్ గారూ, ఈ ప్యానెళ్లకి దిక్కెవరూ లేరు. కన్న కంపెనీయే మూతపడింది,” అన్నాడు గొప్పల బావ, వదిన మేడ మీద నడుం మీద చేతులు వేసుకుని.

వదిన అంటే భార్యకి అక్క. గోడకి ఇవతల బావ ఇల్లు, అవతల ఆవిడ ఇల్లు. వానలు మొదలయ్యేలోగా ఆవిడ పాత సోలార్ ప్యానెళ్లు దించి, తన మేడ మీదున్నలాంటి కొత్త కంపెనీవి ఎక్కించాలని బావ పట్టు. ఆవిడ చీకట్లో కూర్చుంటుందేమోనని బెంగ కొంత, వీధిలో తన మాటే చెల్లాలన్న ఆశ మరికొంత. చివరికి మెకానిక్ మాటే ఖాయమని ఒప్పందం కుదిరింది. దించమంటే ఇవాళే దించాలి. వద్దంటే బావ మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

బావది ఊరికే నోటి గొప్ప కాదు మరి. తన ప్యానెళ్లు ఎవరి సాయమూ లేకుండా తనే బిగించుకున్న మొనగాడు. మొదటి రోజు సాయంత్రం వీధిలోవాళ్లందరినీ పిలిచి స్విచ్ వేస్తే కాసేపు వెలగలేదు. కొత్త పెళ్లికూతుళ్లు కదా, సిగ్గుపడుతున్నాయని ఆయన అందరినీ నవ్విస్తూ ఉండగా, భార్య ఓ వైరు చుట్ట పట్టుకుని అక్కింటికి ఓ పరుగు వెళ్లొచ్చింది. ఈలోగా ఇల్లంతా పట్టపగలైపోయింది. తెల్లారిందనుకుని ఆ వీధి కోళ్లు కూశాయని బావ ఇప్పటికీ చెబుతాడు. చెప్పినప్పుడల్లా కోళ్లు పెరుగుతుంటాయి.

మెకానిక్ మీటరు పెట్టి ఒక్కో ప్యానెల్ చూశాడు. విడిభాగాలు దొరకవు, గ్యారంటీ కాగితం చిత్తుకాగితమే, అది నిజమేనన్నాడు. కానీ సరుకు మాత్రం గట్టిదన్నాడు. వీటి పక్కన వేరే కంపెనీది ఒకటి కలిపితే కుదరదు, ముసలెద్దుకి జోడీగా కోడెని కట్టినట్టే. మారిస్తే మొత్తం మార్చాలి.

“మార్చేద్దాం,” అన్నాడు బావ, చొక్కా చేతులు మడుస్తూ.

మెకానిక్ బ్యాటరీ దగ్గర ఆగాడు. “ఇంత కరెంటు తయారవుతోంది, తెల్లారేసరికి అడుగంటిపోతోంది. ఒక్క మనిషికి ఇంత ఖర్చేంటమ్మా?”

“నాకు చీకటంటే భయం నాయనా,” అంది వదిన.

బావ నవ్వాడు. అదంతా పాత సరుకు చేతకానితనమన్నాడు. తనింట్లో ఫ్రిజ్జు, మిక్సీ, గదికో ఫ్యాను తిరుగుతున్నా దీపం ఒక్కసారి కూడా కన్నార్పలేదని, కావాలంటే తన భార్యనే అడగమన్నాడు. ఆవిడ కొంగు అంచు చూసుకుంటూ, లేదంది.

పోల్చి చూద్దామని మెకానిక్ పక్క మేడ ఎక్కాడు. దారి చూపిస్తానని భార్య వెంట వెళ్లింది. ఎంతసేపటికీ దిగరు. దిగాక మెకానిక్ బావని ఎగాదిగా చూశాడు.

“వాటిని ఎవరు బిగించారండీ?”

“నేనే.”

“ఇలాంటి బిగింపు నా సర్వీసులో చూడలేదు.”

బావ ఛాతీ బెత్తెడు పొంగింది. “విన్నారా వదినా?”

“విన్నాను మరిదిగారూ. మొదటి రోజే అనుకున్నాను,” అంది ఆవిడ నవ్వకుండా.

మెకానిక్ మీటరు సంచిలో పెట్టుకుంటూ తీర్పు చెప్పాడు. “అమ్మగారి పాతవి ముట్టుకోకండి. అవి దించితే ముందు ఇబ్బంది పడేది మీరే.”

నిజమే, చీకటంటే భయమన్న మనిషి వచ్చి తన ఇంట్లోనే కూర్చుంటుంది కదా అనుకున్నాడు బావ. తన మాట నెగ్గకపోయినా ఆయన మీసం వాలలేదు. సర్వీసంతా వెతికినా కనబడని బిగింపు తనది. అంతకన్నా ఏం కావాలి?

ఆ సాయంత్రం వీధిలో కరెంటు పోయింది. బావ ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ వేసి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకుంటుంటే, ఇలాంటి బిగింపు లోకంలోనే లేదని మెకానిక్ దండం పెట్టి వెళ్లాడని చెప్పాడు. గోడ అవతల వదిన ఒక్క చిన్న బల్బు కింద బట్టలు మడతపెట్టుకుంటోంది. పాపం, ఆ పాత ప్యానెళ్లని నమ్ముకుందని బావ జాలిపడ్డాడు.

మొదటి రోజు నుంచీ రెండిళ్లూ వెలుగుతున్నది వాటితోనే.