ఏడో చీటీ

ఏడుగురు అమ్మాయిలు, ఏడు చీటీలు. లెక్కల టీచరు వాటిని బల్ల మీద పరిచి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషికి ఏడు చీటీలు రెండుసార్లు లెక్కపెట్టాల్సిన ఖర్మ లేదు. కానీ వచ్చిన ఫలితం అలా ఉంది. ఐదుగురికి తలా ఒక ఓటు, 'రేడియో' అనే పిల్లకి రెండు, 'మూగనోము' అనే పిల్లకి సున్నా.

హైస్కూలు పిల్లల నాయకత్వ శిబిరం అది. నాలుగు రోజులూ అక్కడే తిండి, అక్కడే నిద్ర. రకరకాల బడుల నుంచి వచ్చిన పిల్లల్ని గదికి ఏడుగురు చొప్పున సర్ది, ఒక్కో గదికీ ఒక టీచరును పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం, మీ గదిలో నాయకురాలు ఎవరో రాయండంటూ చీటీలు పంచారు. ఆ ఓట్లు సలహాకే. పెద్ద సదస్సుకు వెళ్ళే ఒక్క పేరును చివరి రోజున టీచరే తేల్చాలి.

"కిందటేడు మీరు పంపిన పిల్ల మైకు చూసి ఏడ్చింది. అంతకుముందు పిల్ల అసలు స్టేజీయే ఎక్కలేదు," అని డైరెక్టరు మొదటి రోజే గుర్తుచేశాడు. "ఈసారి కూడా గురి తప్పితే, వచ్చే ఏడు మిమ్మల్ని పిలవడం కష్టమండీ."

ఆ మాట టీచరుకు ముల్లులా గుచ్చుకుంది. బడిలో ఆమెకు పిల్లలంటే హాజరుపట్టీలో నంబర్లు. వాళ్ళ ముచ్చట్లు వినేది, అలకలు తీర్చేది ఏడాదికి ఈ నాలుగు రోజులే. ఇదీ పోతే ఇక మిగిలేది సుద్దముక్కే.

రేడియో, మూగనోము అనే పేర్లు పిల్లలు పెట్టుకున్నవే. రేడియోకి నోరు మూతపడదు. వచ్చిన రోజు అందరికంటే ముందు గదిలోకి దూరి, కిటికీ పక్కన కింది మంచం ఆక్రమించింది. అవి రెండంతస్తుల ఇనప మంచాలు. 'స్వార్థం' అని టీచరు తన చిన్న పుస్తకంలో అప్పుడే రాసేసుకుంది. ఆఖరున వచ్చిన మూగనోముకు తలుపు పక్కన పై మంచం మిగిలింది. అది కదిలితే చాలు, కిర్రుమంటుంది. ఆ పిల్ల నోట్లో నాలుక లేనట్టు సంచి పైకి విసిరి ఊరుకుంది. 'సర్దుకుపోయే గుణం' అని దాని కిందే రాసుకుంది టీచరు.

సరే, రేడియోకి ఆ రెండో ఓటు ఎవరు వేసినట్టు?

రహస్య ఓటు రహస్యంగానే ఉండాలని టీచరుకు తెలుసు. తెలిసి కూడా, శిబిరంలో పిల్లల చేత రోజూ రాయించే డైరీలు తెచ్చి చీటీల పక్కన పెట్టింది. కుతూహలం అలాంటిది మరి. మూగనోము డైరీలో 'నిద్ర పట్టలేదు' అని ఒకే ఒక్క ముక్క ఉంది. కొత్త చోటు కదా అనుకుని, చేతిరాతలు పోల్చడంలో పడింది. గుండ్రటి అక్షరాల పిల్ల తన పేరే రాసుకుంది. వాలు అక్షరాల పిల్లా అంతే. అలా ఆరుగురూ ఎవరి పేరు వాళ్ళే రాసుకున్నారు. ఏడో చీటీ మీద మాత్రం సన్నటి అక్షరాలతో రేడియో పేరు ఉంది. ఆ రాత మూగనోముది.

టీచరు కుర్చీలో వెనక్కి వాలింది. తనకు సున్నా వచ్చినా ఫరవాలేదని ఇంకొకరి పేరు రాసిన పిల్ల! ఇంతకంటే పెద్ద మనసు ఎక్కడ దొరుకుతుంది? అయినా తొందరపడకుండా, మిగిలిన రోజులు కనిపెట్టి చూద్దామనుకుంది.

మూడో రోజు పొద్దున ఆమె గదిలోకి వెళ్ళేసరికి రేడియో పై మంచం నుంచి నిచ్చెన దిగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నుదుటి మీద బొప్పి కట్టింది.

"నువ్వు పైకెందుకు ఎక్కావమ్మా?"

"పైనుంచైతే అందరూ కనిపిస్తారు టీచర్."

"నాయకురాలంటే అందరికీ పైన ఉండాలనా?"

"అంతే టీచర్," అని నవ్వి బొప్పి రుద్దుకుంది. మూగనోము కిటికీ దగ్గర కూర్చుని దుప్పటి మడతపెడుతోంది. ముఖం కడిగిన ముత్యంలా ఉంది.

ఆ రోజు ఉపన్యాసంలో రేడియో మూడుసార్లు ఆవులించింది. మర్నాడు పొద్దున ఇంకో నాలుగు. టీచరుకు ఒళ్ళు మండింది.

"రాత్రంతా కబుర్లేనా?"

"కాదు టీచర్. ఆ మంచం కిర్రుమంటూనే ఉంటుంది."

"నిన్నెవరు ఎక్కమన్నారు? దిగిపోవచ్చుగా!"

మాటకు మాట అప్పజెప్పే పిల్ల ఈసారి తల మాత్రం అడ్డంగా ఊపింది. 'మొండితనం' కూడా పుస్తకంలో చేరింది.

ఆ మధ్యాహ్నమే ముగింపు సభ. టీచరు మైకు అందుకుంది.

"మా గదిలో ఆరుగురు తమ పేరే రాసుకున్నారు. ఒక్క అమ్మాయి మాత్రం తనను తాను పక్కనపెట్టి ఇంకొకరిని నమ్మింది. ఆ అమ్మాయికి ఒక్క ఓటూ రాలేదు. నా లెక్కలో ఆ సున్నాకే విలువ ఎక్కువ!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ గది పిల్లల్లో మిగతా ఐదుగురు తలలు దించుకున్నారు. రేడియో ఆవులింత ఆపుకుంటూ అందరికంటే గట్టిగా కొట్టింది. మూగనోము తెల్లబోయి లేచి నిలబడి ఏదో చెప్పబోయింది కానీ ఆ హోరులో వినబడలేదు. టీచరు కాగితం మీద ఆ పిల్ల పేరు రాసి, సంతకం పెట్టి డైరెక్టరు చేతికిచ్చింది.

"ఈసారి గురి కుదిరిందండీ," అన్నాడాయన. టీచరుకు కళ్ళు చెమర్చాయి.

గదిలో పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. టీచరు మూగనోమును వరండాలోకి పిలిచింది. అన్నీ తేలినా ఆమెకు ఇంకో సంగతి తెలుసుకోవాలని ఉంది.

"ఒక్కటి చెప్పు తల్లీ. ఇంతమంది ఉండగా రేడియోకే ఎందుకు వేశావు? ఆ పిల్లలో ఏం చూశావు?"

మూగనోము గోడ వైపు చూసింది, నేల వైపు చూసింది.

"హాల్లోనే చెప్పబోయాను టీచర్. పై మంచం ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి."

"దానికీ ఓటుకీ ఏమిటే సంబంధం?"

"ఓటేస్తే తన కింది మంచం ఇస్తానంది టీచర్."