మన పేట పాఠకులు

“ఈ పని చేసినవాడెవడో గానీ, వాడి చెయ్యి పడిపోను!” మామగారు ఫోన్‌ని బల్ల మీద బోర్లించారు.

టీ గ్లాసు అందిస్తున్న కోడలు తన చేతి వంక చూసుకుంది. నిన్న సాయంత్రం ఆఫీసులో సంతకం పెట్టింది ఆ చేత్తోనే.

రోజూ పొద్దున్నే వార్తలు కనిపించే యాప్‌లో ఇవాళ రెండే ముక్కలున్నాయి. ‘పొద్దుకబురు సేవలు ముగిశాయి. ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు.’ ఆ ముక్కలు రాసిందీ ఆమే.

“పోతే పోయింది లెండి,” వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. “ఇకనైనా పొద్దున్నే నా మొహం చూస్తారు.”

“నీ మొహంలో కొత్త వార్తేముంటుందే? పెళ్లినాటి నుంచీ ఒకటే హెడ్‌లైను,” అని మామగారు కోడలి వైపు తిరిగారు. “అమ్మాయ్, నువ్వు పనిచేసేది అక్కడేగా. ఎవడమ్మా ఆ మహానుభావుడు?”

“పైవాళ్లు, మామయ్యా.”

“పైవాళ్లంటే? వాడికో పేరూ మొహమూ ఉండవా?”

పైన ఇంకెవరున్నారు? పొద్దుకబురుకి పెద్ద ఆమే. ‘నడపగలవా, మూసేద్దామా? నువ్వే తేల్చు’ అని యాజమాన్యం అడిగితే, తేల్చిందీ ఆమే.

“మరి నీ ఉద్యోగం?” మామగారి గొంతు తగ్గింది.

“ఉంది. వేరే విభాగంలో వేశారు.”

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలారు. ఆ సంతోషం చూసి ఆమెకి ఇంకా సిగ్గేసింది. తన కింద పనిచేసిన పిల్లలందరూ నిన్న సొరుగులు ఖాళీ చేసుకుని, ఆమె కళ్లలోకి చూడకుండా మెట్లు దిగిపోయారు.

మామూలుగా అయితే మామగారు ఈపాటికి ఇంట్లో ఉండరు. వీధి చివర ఆయనది సెల్‌ఫోన్ల రిపేరు షాపు. ‘ఆఫీసులకెళ్లేవాళ్లు దారిలో ఫోన్లిచ్చి పోతారమ్మా, ముందే తెరవాలి’ అంటూ టిఫినైనా తినకుండా పరుగెత్తే మనిషి. ఇవాళ మాత్రం చెప్పుల వంకైనా చూడలేదు. ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు కుర్చీలో కూలబడిపోయారు.

ఇక ఆమెవల్ల కాలేదు.

“మామయ్యా, ఆ సంతకం పెట్టింది నేనే.”

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

“నువ్వా?”

“నేనే. మూయక తప్పని పరిస్థితి తెచ్చిందీ నేనే. ప్రకటనలిచ్చే కంపెనీవాళ్లు మొన్న మీటింగ్‌కి వచ్చారు. ఎక్కడ చూసినా చదివేవాళ్లు తగ్గిపోతున్నారని పెదవి విరిచారు. నేను నోరు మూసుకుని కూర్చుంటే పోయేది. ‘మా పేట చూడండి, నెలనెలా పాఠకులు పెరుగుతున్నారు, ఒక్క పొద్దు కూడా మానరు’ అని గొప్పగా గ్రాఫు తీసి చూపించాను. సరే, మీ పేటే తనిఖీ చేస్తామన్నారు.”

“చేశారా?”

“చేశారు. అంతా దొంగ లెక్క, మామయ్యా! పొద్దున్నే ఒకేచోట బోలెడు ఫోన్లలో వరసగా తెరుస్తున్నారు, మూసేస్తున్నారు. ఒక్కళ్లూ చదివిన పాపాన పోలేదు. ఒక్క పేటలోనే ఇంత మోసముంటే మిగతాచోట్ల ఎంతుందోనని వాళ్లు ప్రకటనలన్నీ ఆపేశారు. నేనే ఆ నాటకం ఆడించానన్నట్టు చూశారు నా వైపు. ఎవడో పాపాత్ముడు మా నోట్లో మట్టి కొట్టాడు. వాడు దొరికితే...”

“చాలమ్మా.” మామగారు లేచి నిలబడ్డారు. “పద.”

“ఎక్కడికి?”

“షాపుకి.”

“టీ చల్లారిపోతోందండీ!” అత్తగారు వెనకనుంచి అరిచినా ఆయన తిరిగి చూడలేదు.

వీధి పొడుగునా ఆమె ఆయన వెనకే నడిచింది. ఇంట్లో అత్తయ్య ముందు అనలేక షాపులో కడిగిపారేస్తారు కాబోలు అనుకుంది. అననీ. ఎవరో ఒకరు తనని తిట్టేస్తే ఈ బరువైనా దిగుతుంది.

మామగారు షట్టర్ సగం పైకి లేపారు. ఇద్దరూ వంగి లోపలికి వెళ్లారు. బల్ల మీద చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, భూతద్దం, నిన్న విప్పిన ఫోన్ తాలూకు మరలు పోసిన మూత ఉన్నాయి. ఆమె తల వంచుకుని నిలబడింది.

తిట్లు రాలేదు. మామగారు బల్ల దాటి వెళ్లి, వెనకగోడకి వేలాడుతున్న పాత తెరని పక్కకి లాగారు.

గోడ నిండా అరలు. అరల నిండా ఫోన్లు. అద్దం పగిలినవీ, వెనక మూత లేనివీ, రిపేరుకిచ్చి మళ్లీ ఎవరూ రాక అక్కడే ఉండిపోయినవీ. ప్రతిదానికీ ఒక ఛార్జరు వైరు వేలాడుతోంది. మామగారు బొటనవేలితో ఒకదాన్ని తట్టారు. తెర వెలిగింది. పక్కదాన్ని తట్టారు. అదీ వెలిగింది. రెండింటి మీదా ఆమె రాసిన ముక్కలే. ‘ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు.’

“ఎన్ని ఫోన్లలో తెరిస్తే అంతమంది పాఠకులని నువ్వే చెప్పావు కదమ్మా,” అన్నారాయన, తన బొటనవేలి వైపు చూసుకుంటూ. “చదివేది నేనొక్కణ్ణే అయితే నీ ఉద్యోగం నిలవదని, నేనే పేటంతా అయ్యాను.”